నలభై ఒకటో నంబరు ఆవిడ

జూన్ 3, సోమవారం

అత్తయ్య బాత్రూంలో జారిపడింది. ఎడమ మణికట్టు విరిగింది. ఆవిడది పుర్రచేతి వాటం. సరిగ్గా పనికొచ్చే చెయ్యే విరగ్గొట్టుకున్నావా అని మా ఆయన విసుక్కున్నాడు. ఆయన విసుగంతా భయమే. తల్లికి జ్వరం వస్తే థర్మామీటర్ మీద అరిచే రకం.

హాస్పిటల్లో పిండికట్టు వేశారు. తడి బ్యాండేజీ చుడుతున్నంతసేపూ ఆవిడ నోరు మెదపలేదు. డాక్టరు చేతులు కడుక్కోడానికి వెళ్లగానే నా వైపు తిరిగి, ఇప్పుడు కాలుతుంది చూడు, అంది. అప్పటికి కట్టు ఇంకా చల్లగానే ఉంది. కాసేపటికి వేడెక్కడం మొదలైంది. అంతే, కుర్చీలోంచి లేచిపోయి, తీసెయ్యండి తీసెయ్యండి అని ఒకటే కేకలు. నర్సూ మా ఆయనా కలిసి పట్టుకున్నారు. ఆరేటప్పుడు కాస్త వెచ్చబడుతుంది బామ్మగారూ అంతే, అని నర్సు బుజ్జగించింది.

ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు వేడెక్కుతుందని నాకు తెలుసు, పాతికేళ్లుగా మ్యూజియంలో పాత ప్లాస్టర్ విగ్రహాలు బాగుచెయ్యడమే నా పని. ఆవిడకెలా తెలుసు? అడుగుదామనుకునేలోగా టాక్సీలో నిద్రపోయింది.

జూన్ 6

స్నానం నేనే చేయించాలి. షరతులు పెట్టింది. లైటు వెయ్యకూడదు. ముందువైపు తువ్వాలు తియ్యకూడదు. వీపు మాత్రం రుద్ది నేను బయటికి వచ్చెయ్యాలి. నేను ఆడదాన్నే కదా అత్తయ్యా అంటే, అయితే ఏంటట, అంది.

పందొమ్మిదేళ్లుగా ఒకే ఇంట్లో ఉన్నాం. నా బ్లడ్ గ్రూప్ తెలుసు, నా చెప్పుల సైజు తెలుసు, మా అమ్మతో నాకెందుకు పడదో తెలుసు. నా ఉద్యోగం గురించి మాత్రం ఒక్క ముక్క అడగలేదు. మ్యూజియంకి రమ్మని ఎన్నిసార్లు పిలిచానో. ప్రతిసారీ మోకాళ్లు అడ్డొచ్చేవి.

జూన్ 10, సోమవారం

వర్క్‌షాప్‌కి మ్యూజియం రిజిస్టర్లోని నలభై ఒకటో నంబరు వచ్చింది. స్టోర్లో ముప్పై ఏళ్లు పడుకుని లేచిన విగ్రహం. మెడ నుంచి తొడల సగం దాకా నిలబడి ఉన్న ఆడమనిషి, ప్లాస్టర్, నిండు మనిషంత. ఒంటి మీద నూలుపోగు లేదు. తల లేదు. పేరు ధరణి.

పెద్దాయన చేసింది. ఆయన్ని మా వర్క్‌షాప్‌లో అందరూ పెద్దాయనే అంటారు, పోయి ఇరవై ఏళ్లైనా. పత్రికల్లో మహాశిల్పి. ధరణి ఆయన్ని మహాశిల్పిని చేసిన విగ్రహం. దాని మీద రాసిన పుస్తకాలు ఒక అలమారా నిండా ఉన్నాయి. తల తీసేసి ఆయన ఒక స్త్రీని స్త్రీత్వంగా మార్చాడట. ఇలాంటి వాక్యాలు చదివినప్పుడు నాకు చెవులు వేడెక్కుతాయి. ఆ స్త్రీని ఒక మాట అడిగారా?

దీన్ని బయటికి తీయించింది కొత్త ఎగ్జిబిషన్ కోసం. ఆ ఆలోచన క్యురేటర్‌ది. ముప్పై రెండేళ్ల పిల్ల, చురుకు. నేను చాటుగా చిన్న మేడమ్ అంటాను. మగ శిల్పులు చేసిన నగ్న స్త్రీ విగ్రహాలన్నీ ఒక హాల్లోకి చేర్చి, ఆడవాళ్ల కళ్లతో మళ్లీ చూడాలని ఆమె పట్టుదల. లిస్టు చూపించింది. భూమి, నది, రాత్రి, వసంతం, వెన్నెల. ఇరవై మూడు విగ్రహాల్లో ఒక్కదానికీ మనిషి పేరు లేదు చూడక్కా, అంది. నాతో పనున్నప్పుడు అక్క అంటుంది. ఈసారి నిజంగానే అన్నట్టుంది.

జూన్ 14

వీపు శుభ్రం చేస్తున్నాను. దూది పుల్ల, డిస్టిల్డ్ వాటర్, అర చదరపు అంగుళం చొప్పున. మురికి కింద నడుం దగ్గర చిన్న చిన్న బుడిపెలు కనిపించాయి. మొదట గాలి బుడగలనుకున్నాను. భూతద్దం పెట్టి చూశాను.

ఒళ్లు జలదరిస్తే వచ్చే బుడిపెలు అవి. పక్కనే ప్లాస్టర్లో ఇరుక్కుని ఒక సన్నటి వెంట్రుక.

కళ్లతో చూసి వేళ్లతో చేశానని పెద్దాయన చచ్చేదాకా చెప్పుకున్నాడు. వేళ్లతో ఎవరూ చలి బుడిపెలు చెయ్యరు. ఇది మనిషి ఒంటి మీద తడి ప్లాస్టర్ పోసి తీసిన అచ్చు. శిల్పుల్లో అది కాపీ కొట్టడం కిందే లెక్క. అంటే ఒక మనిషి బట్టల్లేకుండా నిలబడింది, చల్లటి పిండి ఒంటికి తగలగానే వణికింది, ఆ వణుకు నలభై ఎనిమిదేళ్లుగా ఇందులో ఉండిపోయింది.

పుల్ల కింద పెట్టేశాను. వెనకనుంచి చెయ్యి వేసినందుకు సారీ చెప్పాను, పైకే. షెడ్డులో ఎవరూ లేరు.

జూన్ 18

పొట్ట మీద ప్లాస్టర్ రంగు తేడాగా ఉంది. కాస్త పసుపు, కాస్త మెత్తన. అతుకు వేసినట్టుంది. రికార్డులో చూస్తే, ఒకసారి స్టోర్లోకి నీళ్లొచ్చి కొన్ని విగ్రహాలకు రిపేర్లు చేశారని ఒక వాక్యం. ఏవేవో లేదు. ఇది ఆ రిపేరే అయ్యుంటుందని తేల్చుకున్నాను. తర్వాతివాళ్లు వేసిన అతుకు తీసెయ్యడం మా పద్ధతే.

తడిపి, స్కాల్పెల్‌తో కొంచెం కొంచెంగా తీశాను. సాయంత్రానికి పూర్తయింది.

కింద ఒక మచ్చ ఉంది. నిలువుగా, బొడ్డు పక్కనుంచి కిందికి. ఆపరేషన్ కోత. రెండు వైపులా కుట్ల గుర్తులు నిచ్చెన మెట్లలా. బొడ్డు దగ్గర కోత ఎడమకి వంకర తిరిగింది, డాక్టరు చెయ్యి జారినట్టు. చుట్టూ చర్మం సాగిన చారలు. బిడ్డను కన్న పొట్ట.

జూన్ 20

చిన్న మేడమ్ పొట్టని చూసి ఏడ్చింది. ఇదే నా ఎగ్జిబిషన్ అక్కా, ఈ ఒక్కటి చాలు, అంది.

జూన్ 24, సోమవారం

తప్పు చేశాను.

పెద్దాయన మొదటి ప్రదర్శన ఫొటో దొరికింది. ధరణి పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పొట్ట నున్నగా ఉంది, అద్దంలా. అంటే పూడ్చింది రిపేరువాళ్లు కారు, ఆయనే. నేను తీసేసింది శిల్పి సొంత చేతి పని. మా వృత్తిలో దీన్ని మించిన పాపం లేదు. ఫొటో చూడకుండా స్కాల్పెల్ పట్టావేంటి అని కొత్తగా చేరినవాళ్లని ఎన్నిసార్లు తిట్టానో.

మ్యూజియం కమిటీలో చెప్పేశాను. గంటసేపు అక్షింతలు. మళ్లీ పూడ్చాలా, ఇలాగే చూపించాలా అన్నది నన్నే తేల్చి రిపోర్టు రాయమన్నారు. జూలై పదిహేను లోపు. పూడిస్తే అబద్ధాన్ని మళ్లీ కప్పినట్టు. వదిలేస్తే ఆయన విగ్రహాన్ని నేను మార్చినట్టు. చిన్న మేడమ్ అయితే పూడ్చమని రాస్తే నీతో మాట్లాడనంది.

నా మనసు మాత్రం వదిలెయ్యమనే అంటోంది. అంత నిజమైన పొట్టని నేను ఏ మ్యూజియంలోనూ చూడలేదు.

జూన్ 26, ఉదయం 7.10

అత్తయ్యని మంచం మీద కూర్చోబెట్టి వచ్చి ఇది రాస్తున్నాను.

స్నానంలో అత్తయ్య కాలు జారింది. పట్టుకున్నాను. తువ్వాలు పడిపోయింది. తలుపు సందులోంచి వెలుతురు పడింది.

నిలువు కోత. బొడ్డు దగ్గర ఎడమకి వంకర. పక్కన నిచ్చెన మెట్లు. చర్మం వదులై కిందికి జారింది, మెట్లు దగ్గరపడ్డాయి, అంతే తేడా. ఆ వంకరని నేను వారం రోజులుగా అర అంగుళం చొప్పున చూశాను. నిద్రలో అడిగినా గీసి చూపిస్తాను.

తువ్వాలు తీసి కప్పాను. ఏం చూస్తున్నావ్, అంది. ఏం లేదు, నీళ్లు చల్లారిపోతున్నాయి అన్నాను.

జూన్ 27

పనికి వెళ్లలేదు. ఒంట్లో బాలేదని ఫోన్ చేశాను. ఎవరి ఒంట్లోనో చెప్పలేదు.

జూలై 1, సోమవారం

నాకు భయమేస్తోంది. ఇది రాసుకుంటే తగ్గుతుందేమో.

పొద్దున్న ఒక వీపు రుద్దుతాను. పదింటికి వెళ్లి అదే వీపు రుద్దుతాను. ఒకటి వెచ్చగా ఉంటుంది, ముడతలు, పుట్టుమచ్చలు. ఇంకోటి చల్లగా, బిగువుగా, ఇరవై ఆరేళ్లు. నా చేతులకి తేడా తెలియడం మానేసింది. ఇవాళ బాత్రూంలో అత్తయ్య నడుం దగ్గర వేళ్లు ఆపి బుడిపెల కోసం వెతికాను. వర్క్‌షాప్‌లో విగ్రహం భుజం మీద చెయ్యి వేసి, కాస్త ముందుకి వంగండి, అన్నాను. అది వినపడి మేస్త్రి తిరిగి చూశాడు. మేస్త్రి అంటే మా పెట్టెలు చేసే వడ్రంగి, రిటైర్మెంటుకి ఏడాది ఉంది. ఎవరితో అమ్మా, అన్నాడు.

వచ్చేటప్పుడు విగ్రహం మీద దుప్పటి కప్పి వస్తున్నాను. ఈమధ్య పొద్దున్న వెళ్లేసరికి దుప్పటి కింద పడి ఉంటోంది. ఫ్యాన్ గాలికేలే అంటాడు మేస్త్రి. శుక్రవారం ఫ్యాన్ ప్లగ్ పీకేసి వచ్చాను. ఇవాళ మళ్లీ కిందే ఉంది. తల లేని మెడ మీద గుడ్డ నిలవదు, జారుతుంది, అంతే. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసినా ఇవాళ దాని వైపు వీపు పెట్టి కూర్చోలేకపోయాను.

ఇంట్లో అత్తయ్య వరండా కుర్చీలో కూర్చుని తల ముందుకి వాల్చి కునుకు తీస్తోంది. వెనకనుంచి చూస్తే భుజాల దాకానే కనిపించింది. గట్టిగా అత్తయ్యా అని అరిచాను. ఉలిక్కిపడి లేచింది. పాపం, ఏమైందే అని అడుగుతోంది. ఏం చెప్పను.

జూలై 4

మెడ ఇంతవరకూ చూడలేదు నేను. పెద్దాయన కోసిన కోతే కదా అని చివరికి పెట్టుకున్నాను. ఇవాళ దుమ్ము దులిపి చూస్తే మనసులో ఏదో తేడా కొట్టింది. మేస్త్రిని పిలిచాను. కోతల సంగతి ఆయన్నే అడగాలి.

మేస్త్రి స్టూలెక్కి అద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు. పచ్చిగా ఉన్నప్పుడు కోసింది కాదమ్మా, బాగా ఎండాక కోశారు, అన్నాడు. ఎండిన ప్లాస్టర్ ఎవరు కోస్తారు, పెద్దాయనకి ఆమాత్రం తెలీదా, అన్నాడు. రంపానికి పళ్లు సరిగా లేవట, కట్టెలు కోసే రంపం అయ్యుంటుందట. మొదలుపెట్టి ఆపి, మళ్లీ మొదలుపెట్టిన గీతలు పదకొండు. లోపల గట్టిదనం కోసం వేసిన పీచు తెగక పీకిన గుర్తులు. వెనకనుంచి ముందుకి కోశారు. మొహం చూడ్డం ఇష్టం లేనట్టుంది, అన్నాడు.

దిగాక ఇంకో మాట అన్నాడు. ఆ కోసినవాళ్లది పుర్రచెయ్యి.

జూలై 5, మధ్యాహ్నం

చిన్న మేడమ్‌కి పెద్దాయన నోట్‌బుక్ దొరికింది. ధరణి పేజీలో ఒకే ముక్క: మట్టి తొక్కే అమ్మాయి, భర్త లేడు, ఒక కొడుకు. ఆమె బతికే ఉండొచ్చక్కా, వెతికి పట్టుకుంటే ఎంత బావుంటుంది, పేరు గోడ మీద ఇంత అక్షరాలతో రాద్దాం, వీడియో తీద్దాం, అని ఊగిపోతోంది. నీకేమైనా తెలుసా అంది. తెలీదన్నాను. ముఖం చూసి అబద్ధం చెప్పడం నాకు చేతకాదు, అందుకని విగ్రహాన్ని చూస్తూ చెప్పాను.

జూలై 7, ఆదివారం

చెప్పేసింది. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను, రేపటికి నాకే నమ్మబుద్ధి కాదేమో.

ఆయన బజారుకి వెళ్లారు. నేను గోళ్లు తీస్తున్నాను. కుడిచేతివి అయ్యాక, కట్టులోంచి బయటికి ఉన్న ఎడమ వేళ్లు పట్టుకున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలీక పది రోజులుగా నలిగిపోతున్నాను. చివరికి ఉన్నదున్నట్టు నోట్లోంచి ఊడిపడింది. మా దగ్గరికి ధరణి వచ్చింది అత్తయ్యా, అన్నాను. వేళ్లు లాక్కుంటుందనుకున్నాను. లాక్కోలేదు. ఇంకా ఉందా అది, అంది.

మామయ్య పోయేనాటికి మా ఆయనకి ఏడాది నిండలేదు. ఈవిడ పెద్దాయన స్టూడియోలో మట్టి తొక్కే పనిలో చేరింది. ప్లాస్టర్ జల్లించడం, కలపడం కూడా. విగ్రహానికి మోడల్‌గా నిలబడమని రెండుసార్లు అడిగాడట, కాదందట. మూడోసారి పనిలోంచి తీసేస్తాడేమోనని ఒప్పుకుంది. ఒకటే షరతు. మొహం వద్దు. రేపు నా కొడుకు పెద్దవాడై ఎక్కడైనా చూస్తాడు, గుర్తుపడతాడు, మొహం మాత్రం వద్దు. సరే అన్నాడట.

ఒళ్లంతా పోశాక ముక్కులో రెండు గొట్టాలు పెట్టాడట. మెడ గీత సరిగా రావాలంటే తల కూడా తియ్యాలి, తర్వాత కోసేస్తాను అంటూనే మొహం మీద పోశాడట. కళ్లు మూసుకుపోయాయి, నోరు మూసుకుపోయింది, కాదని ఎలా అంటాను, అంది. మొదట చలి, తర్వాత మంట. ఆస్పత్రిలో నోరుంది కాబట్టి అరిచానే, అంది. నేను గోళ్ల కత్తెర కింద పెట్టేశాను.

తర్వాత కొయ్యలేదట. ఆ మొహంలో ఏదో ఉందన్నాడట. ప్రదర్శన దగ్గరపడుతోంది. రెండుసార్లు గుర్తుచేసిందట. నీకు తెలీదు ఊరుకో అన్నాడట. ఒక ఆదివారం పొద్దున్న పిల్లాడిని పక్కింట్లో వదిలి, కట్టెల రంపం తీసుకుని వెళ్లింది. తాళంచెవి ఈవిడ దగ్గరే ఉండేది, ఊడ్చేది ఈవిడే కాబట్టి. మూడు గంటలు పట్టిందట. నా పీక నేనే కోసుకుంటున్నట్టుంది, మధ్యలో ఆపి ఆపి కోశాను, అంది. తలని కూరల సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చింది.

పారెయ్యడానికి మనసు రాలేదట. గూట్లో పెట్టిందట. పక్కింటి నుంచి వచ్చిన పిల్లాడు దాన్ని చూసి, అమ్మా, అన్నాడట. ఈవిడ పక్కనే నిలబడి ఉంది. వీడు దాని వైపే చేతులు చాచి అమ్మా అంటున్నాడు. ఎత్తుకుంటే ఈవిడ భుజం మీంచి దాన్నే చూస్తున్నాడు. అప్పుడు సుత్తి తీసుకుని పొడి పొడి చేసిందట.

సోమవారం పెద్దాయన వచ్చి మెడ తడిమి చూశాడట. ఈవిడ మట్టి తొక్కుతూనే ఉంది. ఈవిడ వైపు చూడలేదు, అడగలేదు. సాయంత్రం ఎవరో పెద్దమనుషులు వస్తే, మూడు నెలలు ఆలోచించి తల తీసేశానండీ, అన్నాడట. ఇది చెబుతూ అత్తయ్య నవ్వడం మొదలుపెట్టింది. నా రంపం గురించి పేపర్ల నిండా రాశారే, పక్కింటావిడ చదివి వినిపించేది, అంది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది.

పొట్ట పూడ్చింది ఆ వారంలోనే. కుట్లు కనిపిస్తే అది ధరణి ఎలా అవుతుంది అన్నాడట. పూడ్చడానికి ప్లాస్టర్ కలిపిచ్చింది కూడా ఈవిడే.

గేటు చప్పుడైంది. వాడికి చెప్పకు, అంది. చచ్చినా చెప్పనన్నాను.

జూలై 8

ఇక నుంచి ధరణి అని రాయను. పుస్తకాల్లో రాసుకోనీ.

జూలై 11, గురువారం

అత్తయ్య వర్క్‌షాప్‌కి వచ్చింది. తనే వస్తానంది, మోకాళ్లు అడ్డం రాలేదు. మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్లిన టైములో తీసుకెళ్లాను.

పొట్ట సంగతి ముందే చెప్పాను. నేను పొరపాటున తీసేశానని, మళ్లీ పూడ్చాలా వద్దా సోమవారం లోపు నేను రాయాలని, మీరు ఏదంటే అదేనని. ఏమంటుందో నాకు తెలుసనే అనుకున్నాను. చిన్న మేడమ్ ముందు నిలబడి నేను చెప్పబోయే మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను.

దుప్పటి తీశాను. ఆవిడ చుట్టూ ఒకసారి తిరిగింది. ఇంత చిన్నపిల్లనా నేను, అంది. తర్వాత కుడిచెయ్యి పెట్టి కోత మీద పైనుంచి కిందికి రాసింది. బయట వాన మొదలైంది. రేకుల మీద చప్పుడుకి ఏమందో మొదట వినపడలేదు. మళ్లీ అంది. పూడ్చెయ్యి.

నాకు కోపం వచ్చింది, అబద్ధమెందుకు. వాదించాను. ఇన్నాళ్లూ ఆ పెద్దాయన దాచిన మీ ఒంటిని ఇప్పుడైనా లోకం చూడాలి కదా అన్నాను. పెద్ద పెద్ద మాటలే వాడాను. అంతా విని, ఎందుకు చూడాలి, అంది. అది నాది, నా కొడుకు అందులోంచి పుట్టాడు, స్నానం చేయిస్తావు కాబట్టి నువ్వు చూశావు, టికెట్ కొనుక్కొచ్చేవాళ్లకి అదెందుకు, అంది. ఆ నున్నటి పొట్ట ఆయనది, ఆయన పేరు కింద ఆయనదే ఉండనీ, అంది.

మరి మెడ, అన్నాను. ఆవిడ ఆలోచించలేదు కూడా. తల తీసింది నేను, ఆ సంగతి రాసుకో, నా పేరు మాత్రం రాయకు, అంది.

పాతికేళ్లుగా ఆడవాళ్ల పక్షాన ఉన్నానని మహా గర్వం నాకు. నేను కూడా ఒకసారి అడిగి, కాదంటే రెండోసారి అడిగే మనిషినే అని ఇవాళ తెలిసింది. ఇంకా నయం, మూడోసారి అడగలేదు.

జూలై 13, శనివారం

సెలవు. షెడ్డులో మేమిద్దరమే.

ప్లాస్టర్ నేను కలపబోతే గిన్నె లాక్కుంది. పొడిని నీళ్లలో చల్లాలి, మునిగేదాకా కదపకూడదు, అప్పుడు కలపాలి. నాకు తెలియనిదా? అయినా చెప్పించుకున్నాను. కుడిచేత్తోనే కలిపింది, ఎడమ చెయ్యి కట్టుతో గిన్నెని ఆనించి. ఒక్క బుడగ రాలేదు.

మాకో సూత్రం ఉంది. ఈ వృత్తిలో మొదటి రోజు నేర్పేది అదే. మనం వేసిన ప్రతి అతుకూ తర్వాతివాళ్లు తేలిగ్గా తీసెయ్యగలిగేలా ఉండాలి. అందుకని పాతదానికీ కొత్తదానికీ మధ్య ఒక పల్చటి పొర వేస్తాం. ఆ డబ్బా మూత తీస్తుంటే అదెందుకు అని అడిగింది. చెప్పాను. ఎప్పటికైనా ఎవరైనా తీసి చూడాలనుకుంటే మీ మచ్చ చెదరదు అన్నాను.

ఎవరూ తియ్యకుండా వెయ్యి, అంది.

నేను డబ్బా పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. ఆవిడ తొందరపెట్టలేదు. ప్లాస్టర్ మాత్రం గిన్నెలో చిక్కబడుతోంది. మూత పెట్టేశాను.

ఆవిడ అదిమింది, నేను నునుపు చేశాను. బొడ్డు దగ్గర వంకర చివరికి మిగిలింది. దాని మీద ఆవిడే వేలితో పూసింది. తర్వాత అరచెయ్యి ఆనించి అలాగే ఉంచింది. వేడెక్కుతోంది అత్తయ్యా, తియ్యండి అన్నాను. తెలుసు, అంది. చల్లారేదాకా తియ్యలేదు.

జూలై 15

రిపోర్టు ఇచ్చాను. పొర వేశానని రాశాను. నా ఉద్యోగంలో మొదటి దొంగ రాత.

చిన్న మేడమ్ చిందులు తొక్కింది. ద్రోహం అంది. పోనీ నేను తీసిన పొట్ట ఫొటోలైనా గోడ మీద పెడతానంది. ఆమె బతికే ఉంది, వద్దంది, అని మాత్రం చెప్పాను. ఎవరు, ఎక్కడ, అని రెండు చేతులూ పట్టుకుంది. చెప్పను అన్నాను. అడగను కూడా అడక్కు అన్నాను. చివరికి ఫొటోలున్న ఫైలు నా ముందే బీరువాలో పెట్టి తాళం వేసింది. కళ్లద్దాలు తుడుచుకుంటూ, ఇంకేమన్నా అందా, అంది.

మెడ సంగతి చెప్పాను. ఎగిరి కూర్చుంది.

జూలై 16

కట్టు తీయించాం. కోసే మిషన్ చప్పుడుకి అత్తయ్య బెదరలేదు. నేనే కళ్లు మూసుకున్నాను.

జూలై 22, సోమవారం

హాల్లో నిలబెట్టాం. ఎత్తు దిమ్మ తీసేయించి, ఆ మనిషి మెడ అప్పట్లో ఏ ఎత్తులో ఉండేదో సరిగ్గా అంతే ఎత్తులో ఉండేలా మేస్త్రితో కొత్త పీట చేయించింది చిన్న మేడమ్. పక్కన కాగితం మీద శిల్పి పేరు, సంవత్సరం. కింద రెండు వాక్యాలు. ఈ విగ్రహం తలని మోడల్ స్వయంగా కోసి తీసేసింది. శిల్పి ఆ సంగతి దాచాడు.

అలమారా నిండా ఉన్న పుస్తకాలన్నీ ఇప్పుడు తిరిగి రాసుకోవాలి, నాకేం జాలి లేదు.

దుప్పటి కప్పి వచ్చాను. పొద్దున్నకి కింద పడి ఉంటుంది. ఇప్పుడు భయం తగ్గిందని రాయాలనుంది, కానీ తగ్గలేదు.

జూలై 26, శుక్రవారం

ప్రారంభం. జనం విరగబడ్డారు. అందరూ నలభై ఒకటి వెనక్కి వెళ్లి, మెడ పైన తమ మొహం పెట్టి ఫొటోలు దిగుతున్నారు. చిన్న మేడమ్ ఆపలేదు.

రద్దీ తగ్గాక అత్తయ్య కూడా వెళ్లి వెనక నిలబడింది. ఎత్తు చాలలేదు. ఇన్నేళ్లలో అంత కుంగిపోయింది మనిషి. మెడ పైన గోడ ఒక్కటే కనిపించింది. అయినా ఆవిడ అక్కణ్నుంచి కదల్లేదు.

మా ఆయన కారు పెట్టి వచ్చాడు. విగ్రహం ముందు నిలబడి కాగితం రెండుసార్లు చదివాడు. మెడ వైపు చూశాడు, పొట్ట వైపు చూశాడు. తర్వాత అటూ ఇటూ తిరిగి చూసి, అమ్మ ఏది, అని అడిగాడు.

కనపళ్లేదన్నాను.